లైటుపెట్టె మాట

నేను ఎక్స్‌రే ఫిల్ములు పెట్టి చూసే లైటుపెట్టెను. కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఓ చిన్న ఆసుపత్రి గోడ మీద ఉంటాను. స్విచ్ వేస్తే నా ట్యూబులు కాసేపు మిణుకుమిణుకుమని ఆనక వెలుగుతాయి.

నేను ఎక్కువగా చూసినవి గని కార్మికుల ఊపిరితిత్తులే. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి రాతి దుమ్ము పీల్చినవాళ్లు. సిలికా చేరిన చోటల్లా ఒళ్లు కొలాజెన్ అనే ప్రోటీన్‌ను పేర్చుకుంటూ పోతుంది, ఊపిరితిత్తి గట్టిపడుతుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ ఫిల్ములు మాత్రం ఆగలేదు.

ఒకనాడు అలాంటి కార్మికుడి మనవరాలి తొడ ఎముక ఫిల్ము నా మీదికొచ్చింది. ఎముక పెంకు పలచన, నడుమ వంకర, కొత్త విరుపు పక్కనే పాతది అతుక్కున్న గీత.

"ఎట్ల పడిందమ్మా?" అన్నాడు డాక్టరు పాప తల్లితో.

"పడలా సార్. మంచం మీంచి లేస్తా ఉంటే పటుక్కుమనింది. నేనే కొట్టినానంటా ఉండారు అందరూ."

డాక్టరు పాప కింది రెప్ప లాగి చూశాడు. తెల్లగుడ్డు నీలంగా ఉంది. తాతకు ఊపిరితిత్తుల్లో పేరుకున్న ఆ కొలాజెనే మనవరాలి ఎముకల్లో పుట్టుకతోనే తప్పుగా తయారవుతోంది.

కొలాజెన్ మూడు పాయల జడ. 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా దాని అల్లికను తేల్చారు. మన తోలు శాస్త్రవేత్త నాయుడమ్మ పనిచేసిన తోలు పరిశోధన సంస్థ నుంచే వాళ్లకు కంగారూ తోక స్నాయువు అందింది. పాయల్లో ప్రతి మూడో స్థానం గ్లైసిన్‌ది. అన్నిటికన్నా చిన్న అమైనో ఆమ్లం కాబట్టి అదొక్కటే లోపల ఇముడుతుంది. జన్యువులో ఒక్క అక్షరం మారి అక్కడ పెద్దది కూర్చుంటే అల్లిక కుదరదు, ఎముక పెళుసవుతుంది. ఈ జబ్బు చాలామందికి తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, లేదా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. ఇద్దరి వైపు నుంచీ వచ్చే అరుదైన రకాలూ ఉన్నాయి. మేనరికాలు జరిగే కుటుంబాల్లో వాటికి అవకాశం ఎక్కువ.

పూర్తిగా నయం చేసే మందు లేదు. ఎముకను గట్టిపరిచే జోలెండ్రోనిక్ ఆమ్లం లాంటి మందులున్నాయి, ఎముకలో కడ్డీ వేసే ఆపరేషన్ ఉంది, కండబలం పెంచే వ్యాయామం ఉంది.

ఆ తల్లి తప్పేమీ లేదు. చిన్న దెబ్బకే పదేపదే ఎముక విరిగే బిడ్డ మీ వీధిలో ఉంటే, ఇంటివాళ్లను అనుమానించే ముందు ఎముకల డాక్టరుకు, జన్యు పరీక్షలు చేసేచోట చూపించమని చెప్పండి.