చార్జర్‌కు మాట పడిపోయింది

మా ఇంట్లో బ్యాటరీల చార్జర్‌కు మాట పడిపోయింది. పక్షవాతమే అనుకోండి. ఫ్యాను తిరుగుతోంది, బటన్ నొక్కితే కుయ్‌మంటోంది, లోపల పనంతా సక్రమంగా జరుగుతోంది. తెర మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.

పోయేముందు కొన్నాళ్లు సంధి ప్రేలాపనలూ నడిచాయి. వోల్టేజీ చూపాల్సిన చోట ఏవో వంకర గీతలు. మా బావమరిది డ్రోన్ బ్యాటరీలు నా చార్జర్ మీదే బతుకుతాయి. వాడు చూసి, "చైనా సరుకన్నావు కదా బావా, ఇది జపనీస్ మాట్లాడుతోందేంటి?" అన్నాడు. వెధవ సరిగ్గానే పోల్చాడు. 16 అక్షరాల చొప్పున రెండు వరుసలు చూపే ఇలాంటి తెరలకు హిటాచీవారి హెచ్‌డీ44780 చిప్పే మూలపురుషుడు. చాలావాటికి ఇంగ్లిష్ తర్వాత నోటికొచ్చింది జపాన్ కటకానా లిపే. తెరకుండే 14వ కాలు (పిన్ను) మధ్యలో పట్టు వదిలిందంటే ఇంగ్లిష్ కాస్తా కటకానా అయిపోతుంది. తెలుగు ఒక్క ముక్క రాదు. కావాలంటే మనమే ఎనిమిది అక్షరాలు నేర్పుకోవచ్చు, అదీ అడ్డం 5, నిలువు 8 చుక్కల గడిలో. అందులో "క్ష్మీ" ఇరికించినవాడికి నా ఖర్చుతో శాలువా కప్పిస్తాను.

"తెర లేకపోతేనేం, చార్జింగ్ అవుతోందిగా! ఫోన్ చార్జర్‌కి తెరుందా ఏమన్నా?" అంది మా ఆవిడ. పాయింటే. కానీ ఇది లిథియం, నికెల్, సీసం మూడు రకాలకూ పనికొచ్చేది. ఏ రకం తగిలించామో మెనూలో మనమే చెప్పాలి. నికెల్ బ్యాటరీ నిండాక వోల్టేజీ ఒక పిసరు దిగుతుంది. అది కనిపెట్టి చార్జర్ ఆపేస్తుంది. లిథియం అలా దిగదు, సెల్లుకు 4.2 వోల్టుల దగ్గర చార్జరే చూసుకుని ఆగాలి. తెర కనబడక లిథియాన్ని నికెల్ మెనూలో పెట్టామో, ఇంట్లో దీపావళే.

రిపేరు షాపతను దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి." ఈ రోజుల్లో మిక్సీ నుంచి మోటారు దాకా దేనికైనా ఇదే డెత్ సర్టిఫికెట్.

నేనే విప్పాను. టార్చి ఏటవాలుగా వేసి చూస్తే అక్షరాల నీడైనా కనబడాలి. కనబడితే పోయింది లైటొక్కటే. నీడ కూడా లేదు. మూడో కాలు మీద కాంట్రాస్ట్ వోల్టేజీ బాగానే ఉంది. కాళ్లన్నిటికీ మళ్లీ సాల్డర్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. తెర వెనక నల్ల బొట్టు కింద కూర్చున్న చిప్పే కాలం చేసింది. ఆ బొట్టు విప్పడం బ్రహ్మతరం కాదు.

కొత్త తెర కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే, కొట్లో కుర్రాడు తలెత్తకుండా అడిగాడు: "గ్రీనా, బ్లూనా?" చార్జర్ సంగతంతా చెబుదామని కూడబలుక్కుని వెళ్లినవాణ్ణి, "గ్రీన్" అని ఊరుకున్నాను. నీలం షోకుగా ఉంటుంది గానీ డాబా మీద ఎండలో చదవలేం. రెండొందల్లోపే అయింది.

అసలు యుద్ధం పాత తెరను ఊడదీయడం. 16 కాళ్లు. ఒకదాన్ని కరిగించి రెండోదానికి వెళ్లేసరికి మొదటిది గట్టిపడి కూర్చుంటుంది. బలవంతంగా లాగితే బోర్డు మీది రాగి పొర లేచి వస్తుంది. అందుకని కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో కాలూ కత్తిరించేశాను. చచ్చిన తెర మీద జాలెందుకు? తర్వాత ఒక్కో ముక్కనూ వేడిచేసి ట్వీజర్‌తో లాగి, బెజ్జంలో మిగిలిన సాల్డర్‌ను పంపుతో పీల్చేస్తే, "టక్" మని శబ్దం, లోపల్నుంచి వెలుతురు. ఆ టక్కు కోసమైనా ఇంకో పదహారు కాళ్లుంటే బాగుండుననిపించింది.

ఈసారి ఫీమేల్ బెర్గ్ స్ట్రిప్ వేసి తెరను అందులో గుచ్చాను. మళ్లీ పోతే లాగి పారేయొచ్చు. దాంతో తెర ఎత్తు పెరిగి మూత పడలేదు. రబ్బరు బ్యాండ్ వేశాను. అక్షరాలు మాత్రం ముత్యాల్లా వస్తున్నాయి, అన్నీ ఇంగ్లిష్‌లోనే.

ఇది చదివి స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్నవారికి ఒక్క మాట. నాది అడాప్టర్ నుంచి 12 వోల్టులు తీసుకునే చార్జర్ కాబట్టి ధైర్యం చేశాను. 230 వోల్టుల కరెంటు నేరుగా డబ్బాలోకే వెళ్లే రకమైతే, లోపలి కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా కాసేపు 300 పైచిలుకు వోల్టులు ఉండిపోవచ్చు. దాని మూత తెరవకండి.