ఎనిమిదికి పదకొండు

మా మామ హోటల్ రఘునాథపల్లిలో హైవే పక్కన. హోటలంటే రేకుల షెడ్డు, ఆరు బల్లలు, గడప పక్కనే రోడ్డుకు కనబడేలా దోశ పెనం. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే కార్లు పొద్దున ఏడున్నర నుంచి ఆగుతుంటాయి. చిట్టీ తీసుకుని, పెనం ముందు లైన్లో నిలబడి, ప్లేటు చేతికొచ్చాకే కూర్చోవాలి.

ఎంబీఏలో నాకు ప్రాజెక్టు పని పడింది. తోటివాళ్లు బ్యాంకులూ ఆస్పత్రులూ పట్టుకుంటే నాకు మామ లైను గుర్తొచ్చింది.

"లైన్ల ఎంతమందున్నరో లెక్కవెడుతవా? దానికి సుత చదువున్నదా?" అన్నాడు మామ.

ఉందన్నాను. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ మీద రాసిన వ్యాసంతో ఈ శాస్త్రానికి పునాది పడిందని చెప్పాను. 1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన సూత్రమైతే మరీ సులువు. నిమిషానికి ఎందరొస్తున్నారో, ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు ఆగుతున్నారో గుణిస్తే లైన్లో సగటున ఎందరుంటారో తేలిపోతుంది. వచ్చేవాళ్లు ఒకేసారి వచ్చినా, దోశ మాస్టర్ ఎంత నిదానస్తుడైనా సూత్రం మాత్రం మారదు.

నోట్‌బుక్ తీసుకుని బల్ల దగ్గర కూర్చోబోతుంటే మామ ఆపాడు. "ఆడ కూసుంటె ఏం తెలుస్తది? లైన్లనే నిలవడి రాయి."

నాలుగో తరగతితో బడి మానేసినా పరిశోధన అంటే ఏమిటో మామకు తెలుసనుకున్నాను.

మూడు రోజులు నిలబడ్డాను. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తెగిన చిట్టీలు 60. అంటే నిమిషానికి ఒకరు. కార్లలోంచి దిగినవాళ్లను ఫోన్లో గడియారం పెట్టి చూస్తే, ఒక్కొక్కరికి దోశ అందడానికి సగటున 8 నిమిషాలు. కాబట్టి లైన్లో 8 మంది ఉండాలి. ఐదు నిమిషాలకోసారి తల తిప్పి, నన్ను వదిలేసి లెక్కపెడితే 11 మంది తేలుతున్నారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. మా సారుకు ఫోన్ చేస్తే, సూత్రం తప్పదు, నీ లెక్కే తప్పింది, మళ్లీ చూడు అన్నారు.

ఈ గందరగోళంలో మనసుకు హాయనిపించిన సంగతి ఒక్కటే. నా ముందు ఎర్ర తువాలు వేసుకున్న పెద్దాయన ఒకరుండేవారు. పెనం దగ్గరికి చేరగానే వెనక్కి తిరిగి, "మీరు పోండ్రి సారూ, మాకేం తొందర" అని కార్లవాళ్లను ముందుకు పంపేవారు. పక్కకెళ్లి ఓ బీడీ కాల్చుకొచ్చి మళ్లీ లైను చివర చేరేవారు. 'పల్లె మర్యాద' అని నోట్‌బుక్ అంచున రాసుకున్నాను కూడా. లైను పలచబడ్డాక మామ నాకూ టిఫినూ చాయా పెట్టించేవాడు.

నాలుగో రోజు నివేదిక చదివి వినిపించాను. కుదరని ఆ 11ను చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పడేశాను. విద్యార్థులంతా చేసే పనే! "మామా, ఒక్క పెనం మీద 80 శాతం పనిపడితే దాని ముందు సగటున 4 మందుంటరు. 90 శాతమైతే 9 మంది. 95 అయితే 19. మనది 90కి దగ్గరపడ్డది. ఇంకో పెనం పెడితే సగటున ఒక్కరే మిగుల్తరు."

మామ అంతా విని, నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఓ గోనెసంచి ఎత్తాడు. కింద పెనం. దానికంటించిన ధర కాగితం ఇంకా ఊడలేదు.

"రెండేండ్లాయె కొని. పెట్టిన వారం నువ్వన్నట్టే లైను మాయమైంది. దాంతోటి కార్లు సర్రున పోవుడే. ఖాళీ హోటలు ముంగట ఎవడాగుతడు?"

"మరిప్పుడు?"

"దీన్ని ఈడ పడేసి నలుగురిని మాట్లాడుకున్న. మొదటి కారు రాకముందే లైనుండాలె గద. పొద్దుగాల గంటన్నర నిలవడుడే వాళ్ల పని. టిఫిను, చాయి, వంద రూపాయలు. మేడారం జాతరప్పుడు వాళ్లకు సెలవు, అప్పుడు అసలోళ్లే మస్తుగుంటరు."

ఎర్ర తువాలు కళ్లముందు మెదిలింది. చిట్టీ కొననివాళ్లు నా గుణకారంలోకి ఎలా వస్తారు? లిటిల్ గెలిచాడు, నేనూ గెలిచాను. అయినా వేళ్లు మడిచి చూసుకుంటే ఒకటి తగ్గింది.

"నలుగురంటివి. నాకు ముగ్గురే ఎక్కువొచ్చిండ్రు మామా."

మామ పెనం మీద గోనె మళ్లీ కప్పాడు.

"నువ్వు నిలవడ్డవు గద అల్లుడా. నాలుగోవాన్ని ఆ మూడు రోజులు రావద్దన్న."