‘తెల్ల చీర’ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈపూరులో నలుగురైదుగురు కుర్రాళ్ళు కాలేజీ ప్రాజెక్టు పేరు చెప్పి, ఎండాకాలం సెలవుల్లో ఒక హారర్ థ్రిల్లర్ షార్ట్ ఫిల్ము తీశారు. ఆ యజ్ఞం ముగిశాక, డైలాగులు రాసిన కుర్రవాడు కడుపుమంట చల్లారక ఒక ఆటవెలది చెప్పాడు. దానికి ఇది వ్యాఖ్య. మెదకు సీమ కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేని మాట ఒక్కటీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ మూలంలో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ. ఇక అధికారం సంగతంటారా, ఆ షూటింగంతా ఎమర్జెన్సీ లైటు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే. అంతకన్నా అధికారి ఎవడు?

మూలం

ఆ.వె. చేత సెల్లు ఫోను చీకటి కొంపలో
దెయ్య మగుచు నడిచె తెల్ల చీర
కేక వేయు మనిన గేదె ముందరచెను
ఊరు నవ్వి పోయె నుత్తి దనుచు

(నడిచె తర్వాత ‘దెల్ల’ అని ఉండాలని పండితులు అంటారు. కవి ఇంజినీరింగు. సరళాదేశం సిలబస్‌లో లేదు.)

టీక

చేత సెల్లు ఫోను = చేతిలో ఫోను కలిగి. ట్రైపాడ్ లేదని కవి గౌరవంగా చెప్పుకోవడం. చెయ్యి వణికినప్పుడల్లా దర్శకుడు ‘అది స్టైలు మామా’ అన్నాడు. అసలు చిక్కు వణుకుతో కాదు, చీకటితో. చీకట్లో ఫోను తనంతట తాను ఐఎస్ఓ పెంచేసుకుంటుంది. దాంతో బొమ్మ నిండా చీమలు పాకినట్టు మచ్చలు పడతాయి. ఆ బాధ పడలేక ఒకరోజు మిట్టమధ్యాహ్నం తీసి, ఎక్స్‌పోజరు దించి, నీలం రంగు పులిమి రాత్రి చేద్దామన్నారు. పాత సినిమాల్లో వెన్నెల రాత్రులు చాలా భాగం ఇలా మధ్యాహ్నాలే. ఫ్రెంచివాళ్ళు ఈ కిటుకును అమెరికన్ రాత్రి అంటారు. త్రూఫో 1973లో ఆ పేరుతోనే సినిమా తీశాడు. ఇందులో నియమం ఒక్కటే, ఆకాశం కనపడకూడదు. పల్నాడులో ఆకాశం కనపడకుండా కెమెరా పెట్టడానికి చెట్టు కావాలి. చెట్టు కింద అప్పటికే చతుర్ముఖ పారాయణం జరుగుతోంది. వాళ్ళు లేవరు. అందుచేత మళ్ళీ నిజం రాత్రికే వచ్చాం.

నా లైటు గురించి ఒక ముక్క. ఇలాంటి ఎల్ఈడీ కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది గానీ, లోపల గబగబా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఫోను షట్టరు వేగం దానితో కుదరకపోతే తెర మీద నల్లటి చారలు పైకి పాకుతాయి. మా ఫిల్ము పొడుగునా ఆ చారలున్నాయి. దర్శకుడు వాటికి ‘ఆత్మ వచ్చే ముందు సూచన’ అని భాష్యం చెప్పాడు. అతని ముందు నేనెంత వ్యాఖ్యాతను!

చీకటి కొంపలో = పాడుబడ్డ ఇంట్లో. మొదట అనుకున్నది ఇల్లు కాదు, శ్మశానం. ఆ ఆలోచన ఎందుకు చెడిందో కవి చెప్పలేదు, నేను చెబుతాను. మా నియోజకవర్గ కేంద్రం వినుకొండ. 1895లో గుర్రం జాషువా పుట్టిన ఊరు. ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనుకెక్కి, హార్మోనియం మీద ఈ ప్రాంతంలో పెద్దలందరి నోళ్ళలోకీ వెళ్ళిపోయాయి. మేం కాటికి చేరి లైటు వేశామో లేదో, పొలం నుంచి వస్తున్న పెద్దాయన ఒకాయన ఆగి, ‘ఏం తీస్తన్నారబ్బాయ్’ అని అడిగి, జవాబు వినకుండానే తువ్వాలు భుజాన వేసుకుని రాగం ఎత్తుకున్నాడు. ఆలాపన అయ్యేసరికి మా వాళ్ళలో ఒకడు వన్స్ మోర్ అన్నాడు. ఈ సీమలో కాటికి కరుణరసం ముందే స్థిరపడిపోయింది. అక్కడ భయానకానికి జాగా లేదు.

అందుకని కొంప. యజమాని హైదరాబాదులో, తాళం పక్కింటి పిన్ని దగ్గర. ప్యారానార్మల్ యాక్టివిటీ తీసినాయన సొంత ఇంట్లోనే కెమెరా నిలబెట్టి ప్రపంచాన్ని భయపెట్టాడని దర్శకుడు మాకు నూరిపోశాడు. ఆయన ఇంట్లో మిరపకాయ టిక్కీలు నిలవ పెట్టి ఉండరు. మా కథానాయకుడు ‘ఎవరక్కడ?’ అనబోయి తుమ్మాడు. ప్రతి టేకులోనూ తుమ్మాడు.

దెయ్యమగుచు నడిచె తెల్ల చీర = దెయ్యమై నడిచినది తెల్ల చీర. చీరే కర్త. లోపలి మనిషిని కవి దాచాడు. కారణం, లోపల ఉన్నది ఇంటర్ కుర్రాడు. రాత్రిపూట షూటింగుకు ఆడపిల్లను పంపమని ఈపూరులో ఏ తండ్రినీ అడిగే ధైర్యం మాకు లేదు. అంతమాత్రాన తక్కువ చేయకండి. ఉమ్మడి గుంటూరు జిల్లా గడ్డ ఇది. బాపట్ల స్థానం నరసింహారావు సత్యభామగా చీర కట్టి పద్మశ్రీ దాకా వెళ్ళాడు. మా వాడు చీర కట్టి గడప దాకా వెళ్ళాడు.

చీర కుర్రాడి నాయనమ్మది. ఆవిడ షూటింగుకు వచ్చి అరుగు మీద కూర్చుంది. దెయ్యం మెల్లగా, తల వంచుకుని, జుట్టు ముఖాన వేసుకుని నడుస్తోంది. మేమంతా ఊపిరి బిగపట్టాం. అప్పుడు ఆవిడ, ‘అంచు మట్టికి కొట్టుకుపోతంది, కుచ్చిళ్ళు పైకి దోపుకో నాయనా’ అంది. దెయ్యం దోపుకుంది. ఫిల్ములో మీరు చూసేది అదే టేకు. నాట్లకు దిగుతున్నట్టు కుచ్చిళ్ళు దోపిన దెయ్యం తెలుగు తెర మీద అంతకు ముందు నడిచినట్టు నేనెరగను.

ఇక్కడ ఒక శాస్త్ర విశేషం. భరతుడు రసాలకు రంగులు పంచినప్పుడు భయానకానికి నలుపు ఇచ్చాడు, అధిదేవత కాలుడు. తెలుపును ఎవరికిచ్చాడు? హాస్యానికి. అంటే దెయ్యానికి తెల్ల చీర కట్టిననాడే నాట్యశాస్త్రం ప్రకారం ఫలితం వెలువడిపోయింది. తెలుగు సినిమావాళ్ళు ఇది కాస్త ఆలస్యంగా గ్రహించారు. 1992లో ‘రాత్రి’తో రామ్‌గోపాల్ వర్మ నవ్వకుండా భయపెట్టాడు. 2013లో ‘ప్రేమ కథా చిత్రమ్’, 2017లో ‘ఆనందో బ్రహ్మ’ వచ్చేసరికి దెయ్యం ఇల్లు నవ్వుల ఇల్లయింది. వాళ్ళు నవ్వించాలనే నవ్వించారు. మేం అడక్కుండానే సాధించాం.

కేక వేయుమనిన గేదె ముందరచెను = దర్శకుడు యాక్షన్ చెప్పి నాయకుణ్ణి కేక వేయమనగా, పక్క దొడ్లో గేదె ముందుగా అరిచినది. విభావం కుదిరింది, అనుభావం గేదెకు దక్కింది. ఏదైనా రసం అనుచితమైన చోట పుట్టి ఆభాసగా మిగిలితే అది హాస్యంగా మారుతుందని అభినవగుప్తుడు ఎప్పుడో అన్నాడు. ఆయన కాశ్మీరంలో కూర్చుని మా దొడ్డి సంగతి ఎలా చెప్పాడో! ఎడిటింగులో గేదె గొంతు తీసేయాలని చాలా చూశారు. ఒకే మైకు, ఒకే ట్రాకు. గేదెను తీస్తే నాయకుడి కేకా పోతుంది. రెండూ ఉంచారు. గేదె అరుపే బాగుంది, అది నా నిశ్చితాభిప్రాయం.

సాత్త్విక భావాల్లో స్వేదం మాత్రం అందరికీ నిండుగా కుదిరింది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లాలో మే నెల రాత్రి తలుపులు మూసిన గదిలో చెమట పట్టడానికి దెయ్యం అక్కర్లేదు.

ఊరు నవ్వి పోయెన్ ఉత్తిది అనుచు = రామాలయం గోడకు దుప్పటి కట్టి ఆడించగా, ఊరు ‘ఉత్తిదే’ అని నవ్వి వెళ్ళిపోయినది. ఇందులో ఊరి తప్పేం లేదు. ఎవరో తెలియనివాణ్ణి చూసి కదా జడుసుకునేది. మా ఊళ్ళో చీర ఎవరిదో తెలుసు, ఇల్లు ఎవరిదో తెలుసు, నడక చూసి పిల్లవాడు ఎవరి కొడుకో చెప్పేశారు, గొంతు విని గేదెను గుర్తుపట్టారు. పైగా ఇది పల్నాడు. పల్నాటి యుద్ధంలో పోయిన వీరులకు కారెంపూడిలో గుడి కట్టి, కార్తిక అమావాస్యకు వాళ్ళ ఆయుధాలైన కొణతాలు మోసుకెళ్ళి, ఐదు రోజులు తిరణాల చేసే సీమ. చచ్చినవాడు తిరిగొచ్చాడంటే ఇక్కడ డప్పు తెస్తారు గానీ పరుగెత్తరు.

తాత్పర్యం

కుర్రాళ్ళు ఊరిని భయపెట్టబోయారు. షూటింగు పొడుగునా భయపడింది వాళ్ళే. ఫోను ఛార్జింగుకు, పిన్ని తాళానికి, గోడల్లో తేళ్ళకు, నాయనమ్మకు.

పాఠాంతరం

నాలుగో పాదంలో సరైన పాఠం ‘నుత్తమనుచు’ అని దర్శకుడి వాదన. ఉత్తమం అంటూ ఊరు నవ్వి పోయిందట. ఈ పాఠం చెల్లదు. ఉత్తమము అన్నది నిలవాలంటే ‘నుత్తమమనుచు’ కావాలి, అప్పుడు ఒక లఘువు ఎక్కువై గణం చెడుతుంది. గణం చెడినా ఫరవాలేదని, రెండో భాగంలో సవరించుకుంటామని అతను అంటున్నాడు. రెండో భాగానికి గేదె యజమానితో మాటలు నడుస్తున్నాయి. ఆయన బస్తా తవుడు అడుగుతున్నాడు, టైటిల్సులో పేరు కూడా.