పెళ్లికి పటేలు, మనోవర్తికి పాలేరు

రాయచూరు దగ్గరి యరమరస్ థర్మల్ కేంద్రంలో ఉన్నవి రెండు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. సంబంధం మాట్లాడటానికి కృష్ణ దాటి మక్తల్ వైపు వెళ్లిన మధ్యవర్తి మాటలు వింటే మాత్రం, ఆ 1600 మెగావాట్లూ పెళ్లికొడుకు చేతి మీదుగానే కర్ణాటకకు అందుతున్నాయనిపిస్తుంది. ‘‘అబ్బాయి ప్లాంటులో ఉన్నాడమ్మా’’ అంటాడు. ప్లాంటులో ఎక్కడ, ఏ కాంట్రాక్టరు కింద అని అడగడం మర్యాద కాదు. జీతం చెప్పేటప్పుడు ఓవర్‌టైమూ, బోనసూ, వచ్చే ఏడాది పెరగబోయేదీ కలిపే చెబుతారు. ఆపైన సింధనూరు దగ్గర ఎడమ కాలువ కింద పదెకరాల తరి, రాయచూరు గంజ్‌లో దుకాణంలో వాటా, ఊరి బయట ప్లాటు. అమ్మాయి తండ్రి మనసులో లెక్క వేసుకుని, ఆ హోదాకు తగ్గట్టు ఇంకో ఐదు తులాలు ఎక్కువ పెడతాడు.

కొన్నేళ్లకు కాపురం చెడుతుంది. ఎందుకు చెడిందన్నది వేరే కథ. అమ్మాయి పుట్టింటికి చేరి, మనోవర్తి కోసం కోర్టుకెక్కుతుంది. నోటీసు అందిన పూటే అబ్బాయి ఇంట్లో కరువు దిగుతుంది. ఆ పదెకరాలూ నాన్నవి. దుకాణం బావది. కారు స్నేహితుడిది, తను డ్రైవింగు నేర్చుకుంటున్నాడంతే. ప్లాంటు ఉద్యోగం పోయిన నెలే పోయింది. కౌంటరులో వకీలు రాసే వాక్యం ఏ జిల్లాలోనైనా ఒకటే: ప్రతివాది నిరుద్యోగి, వృద్ధులైన తల్లిదండ్రుల మీద ఆధారపడి బతుకుతున్నాడు. ఆ వృద్ధులు కూడా రోగులే, వాళ్ల మందులు కొనేది కూడా ఈ నిరుద్యోగే!

ఇక దాని కిందనే ఉండే పేరా అసలైన సాహిత్యం. పిటిషనరు బాగా చదువుకున్నది, కుట్టు మిషను మీద నెలకు ఇరవై వేలు సంపాదిస్తున్నది. శక్తినగర్‌లో ఒకటి, యరమరస్‌లో ఒకటి, రెండు థర్మల్ కేంద్రాలున్న చోట ఇంజినీరింగు చదివినవాడికి పని దొరకదట. పదో తరగతితో ఆగిన అమ్మాయికి మాత్రం పుట్టింటి అరుగు మీద జాకెట్లు కుట్టి ఇరవై వేలట. అంత లాభసాటి మిషను ఇంట్లోంచి వెళ్లిపోతుంటే ఈ నిరుద్యోగి ఎందుకు ఊరుకున్నాడో ఏ కౌంటరులోనూ ఉండదు.

పొలం ఉన్నవాడికి ఇంకో సౌకర్యం. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, కాబట్టి రిటర్ను అనే కాగితమే ఉండదు. సోనామసూరి బస్తాలు లారీలకెక్కి హైదరాబాదు చేరతాయి, ఆదాయం ఏ కాగితంలోకీ చేరదు. ఈ ఆట ఎన్నేళ్లు చూసిందో గాని, సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో ఒక నమూనా అఫిడవిట్ ఇచ్చేసింది. మనోవర్తి కేసులో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, రాబడి అందులో ప్రమాణపూర్వకంగా రాయాలి. రైతులకు విడిగా ఒక నమూనా ఉంది. పొలం ఎంత, తరి ఎంత, ఖుష్కీ ఎంత, ఏ పంట వేశావు, మూడేళ్లలో ఎంత వచ్చింది, కౌలుకు తీసుకున్నది ఉందా? అక్కడితో ఆగలేదు. బర్రెలెన్ని, మేకలెన్ని, కోళ్లెన్ని, చివరికి తేనెటీగలు పెంచుతున్నావా అని కూడా అడిగారు. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు మన మెదక్ జిల్లావారు, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి. బర్రెను తమ్ముడి దొడ్లో కట్టేసే విద్య ఆయనకు తెలియనిది కాదు. తప్పు రాస్తే అబద్ధపు ప్రమాణం కింద చర్య తీసుకోవచ్చని కూడా ఆ తీర్పు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట: మనోవర్తి లెక్క దరఖాస్తు వేసిన తేదీ నుంచే. వాయిదాల మీద వాయిదాలు తీసుకుని గెలిచానని మురిసేవాడు నెలనెలా తన బాకీనే పెంచుకుంటున్నాడు.

పంచాయితీ పెద్దల దగ్గర దీనికీ మందుంది. ‘‘ముందు పొలం తమ్ముడి పేర రాయించెయ్రా.’’ తమ్ముడికి దానపత్రం, పహాణీలో పేరు మార్పు, అందరికీ చాయ్. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో 28వ సెక్షన్ ఒకటుందని ఆ పెద్దలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆస్తి మీద మనోవర్తి హక్కు ఉన్నప్పుడు దాన్ని ఊరికే రాసిచ్చేస్తే, ఆ హక్కు పుచ్చుకున్నవాడి వెంట కూడా పడుతుంది. అన్న కాపురం చెడితే తమ్ముడు కోర్టు మెట్లెక్కడం అలా మొదలవుతుంది. కృష్ణ అవతల ఉంటే కేసు తప్పుతుందనుకునేవాళ్లది ఇంకో అమాయకత్వం. భార్య తానున్న ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 145వ సెక్షన్.

మరి ఏమీ లేనివాడి మాటేమిటి? ఒంట్లో సత్తువున్న భర్త కూలి చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో సుప్రీంకోర్టు అంది. కట్టనివాడికి ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు ఉంటుంది. జైలుకు వెళ్లొస్తే బాకీ చెల్లిపోదని 1988లోనే తేల్చారు. ఇక కట్టేవాళ్లలోనూ కళాకారులున్నారు. 2023లో జైపూరులో ఒకాయన 55 వేల రూపాయల బాకీని నాణేల మూటలుగా కోర్టుకు తెచ్చాడు. 2024లో కోయంబత్తూరులో ఇంకొకాయన 80 వేలు ఒకటి, రెండు రూపాయల బిళ్లల్లో తెచ్చాడు. అన్ని బిళ్లలు పోగు చేసే ఓపికలో పదో వంతు కాపురంలో చూపించి ఉంటే అన్న ఆలోచన న్యాయమూర్తికి రాకుండా ఉంటుందా!

ఉద్యోగం దాచిపెట్టి మనోవర్తి అడిగే ఆడవాళ్లు లేరా? ఉన్నారు. అందుకే ఆ అఫిడవిట్ ఇద్దరినీ అడుగుతుంది. కాకపోతే దాచడానికి ఆస్తి ఎక్కువగా ఎవరి పేరున ఉంటుందో పహాణీ తీసి చూడండి. మన పక్కనున్న గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, దంపతుల ఆస్తి ఇద్దరిదీ. విడిపోతే సగం సగం. ఇక్కడ పదేళ్లు నాట్లేసి, కలుపు తీసి, కూలీలకు వండిపెట్టిన మనిషికి ఆ పొలంలో సెంటు కూడా రాదు. నెలకింత అని అడుక్కోవాలి. అదీ నాన్నగారి పొలమని తేలకపోతే.

విడాకులు వచ్చిన మర్నాడే కరువు తీరిపోతుంది. నిరుద్యోగికి రెండో సంబంధం చూస్తారు. వాట్సాప్‌లో బయోడేటా బయల్దేరుతుంది. ప్లాంటు ఉద్యోగం, పదెకరాల తరి, గంజ్‌లో దుకాణం, ఈసారి సొంత కారు. అది ఎవరి ఫోనుకు వచ్చినా మొదటి భార్యకు పంపండి. పరిస్థితి మారితే మనోవర్తి పెంచమని అడగడానికి ఆ నాగరిక్ సురక్షా సంహితలోనే 146వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి, సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ధ్రువపత్రం జత చేయడం మరవద్దని వకీలుకు గుర్తు చేయండి.