మక్కీకి మక్కీ

నరసరావుపేటలో డీటీపీ షాపుకు ఊపిరాడనిది శివరాత్రి ముందు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టే ప్రతి ఊరికీ ఫ్లెక్సీ కావాలి, ఆ ఫ్లెక్సీ మీద ఊళ్లో ఉన్న మొహాలన్నీ పట్టాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక రిటైర్డ్ మాస్టారు చేతిరాత కట్ట చంకన పెట్టుకుని దిగారు. గురజాల అవతల ఆయన ఊరు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడిన దగ్గర్నుంచీ ఆయనకు సొంత ఊరి చరిత్ర రాయాలని పట్టుకుంది. రాసేశారు. 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించిన అక్కిరాజు ఉమాకాంతం గారి పక్కన, ముందుమాటలో తనకూ ఒక పీట వేసుకున్నారు.

"అక్షరం మారకూడదబ్బాయ్. నేను రాసింది రాసినట్టు రావాలి" అన్నారు.

తండ్రి పోయాక ఆ కుర్చీలో కూర్చున్నవాడు షాపు కుర్రాడు. సరేనన్నాడు. తిరునాళ్లయ్యాక పని మొదలెట్టి, మధ్యలో ఒక్కసారి ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీ ఊరి చెరువు కింద 400 ఎకరాలేనాండీ?"

"ఆ చెరువు గట్టు మీద పెరిగినవాణ్ణి, నన్నే అడుగుతావేమయ్యా? కొట్టు."

కొట్టాడు.

అసలు తంటా కాపీల దగ్గర మొదలైంది. హైదరాబాదులో ఉన్న అబ్బాయి చదువుతాడంటే ముందు వర్డ్ ఫైలు ఇచ్చాడు. అక్కడ తెరిస్తే తెలుగన్నది లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ వాటి నెత్తిన చుక్కలూ. మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. ఫైల్లో ఏదీ మారలేదని ఒప్పించడానికి కుర్రాడికి తలప్రాణం తోకకొచ్చింది. అను ఫాంట్లలో కొట్టింది మన కంటికే తెలుగు. లోపల కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలకిచ్చే నంబర్లే. ఆ ఫాంటు ఉన్న మిషన్‌లో అవి తెలుగు బొమ్మలుగా కనిపిస్తాయి, లేని మిషన్‌లో అసలు రంగు బయటపడుతుంది.

తర్వాత పేజీమేకర్ ఫైలు తీసుకుని స్వయంగా విజయవాడ ప్రెస్సుకు వెళ్లారు. ఈసారి ఫోటోలు రాలేదు. పెద్ద ఫోటోలను పేజీమేకర్ తన కడుపులో పెట్టుకోకుండా, అవి ఏ ఫోల్డర్లో ఉన్నాయో చిరునామా మాత్రం రాసుకుంటుంది. మాస్టారు విజయవాడ దాకా చిరునామా మోసుకెళ్లారు. ఫోటోలు నరసరావుపేటలోనే ఉండిపోయాయి.

మరోసారి తెర మీద గీత నిండిందో లేదో పెన్‌డ్రైవ్ లాగేశారు. కాపీ అయిపోయిందని కంప్యూటరు చెప్పినా, కొంత సరుకు ఇంకా తన దగ్గరే ఉంచుకుని తీరిగ్గా రాస్తుందని ఎవరికి తెలుసు? ఫైలు పేరు వచ్చింది, ఫైలు తెరుచుకోలేదు.

ఇవన్నీ చాలవన్నట్టు కుర్రాడు జెరాక్స్ సంగతి చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు జెరాక్స్ కంపెనీ మిషన్‌లో స్కాన్ చేసిన కాగితాల్లో అంకెలు మారిపోతున్నాయని పట్టుకున్నాడు. 6 ఉన్నచోట 8 వచ్చింది. ఫైలు చిన్నది చేయడానికి, ఒకేలా కనిపించే ముక్కలన్నింటికీ ఒకే బొమ్మ వాడేసింది మిషను. మసకగా వచ్చుంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. తప్పు అంకె కూడా ముత్యంలా వచ్చింది.

"అంకెలు కూడానా!" అని మాస్టారు ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు షాపు తీయకముందే వచ్చి కుర్రాడి పక్కనే కూర్చున్నారు. కొత్త కాపీ మీద నొక్కి చూస్తే, ఫైలు పుట్టిన తేదీ ఇవాళ్టిది, మార్చిన తేదీ పోయిన నెలది.

"పుట్టకముందే ఎట్లా మారిందిరా?"

"కాపీ ఇవాళ పుట్టిందండీ. అందులో సరుకు పాతది."

మాస్టారికి ఆ మాట ఎందుకో నచ్చలేదు. తేదీలు వద్దు, రుజువు కావాలన్నారు. కుర్రాడు రెండు ఫైళ్లకూ హాష్ తీశాడు. ఎంత పెద్ద ఫైలైనా 64 అక్షరాల వేలిముద్ర వస్తుంది, లోపల ఒక్క కామా మారినా ఆ ముద్ర ఇంకోలా ఉంటుంది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని రెండు వరుసలనూ వేలు పెట్టి చదివారు. కలిశాయి. ఆయన మొహం విప్పారింది.

"ఇప్పుడు ఒప్పుకుంటాను. ఒక్క సున్న కూడా అటూ ఇటూ కాలేదుగా?"

కుర్రాడు బల్లెక్కి అటక మీంచి ఒక పల్చటి పుస్తకం తీసి దుమ్ము దులిపాడు. 1984లో కరణీకాలు పోయాక తీరిక దొరికిన పాత కరణం గారొకరు రాసుకున్నది. ఊరు మాస్టారి ఊరే. అట్ట చూడగానే మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అదా... ఏదో చూశాన్లే, ఒకటి రెండు చోట్ల."

"దీన్ని మా నాన్నే కొట్టాడండీ. మీ చెరువు కింద ఉన్నది 40 ఎకరాలే. ఆయన పొరపాటున 400 కొట్టాడు. కరణం గారు ఈ గుమ్మంలో నిలబడి తిట్టిన తిట్లు పోయేదాకా తలుచుకునేవాడు. సవరణ చీటీలు అంటించేలోపే కొన్ని పుస్తకాలు మీ ఊళ్లోకి పోయాయి."

మాస్టారు మాట్లాడలేదు. కుర్రాడు పెన్‌డ్రైవ్‌ను పద్ధతిగా బయటికి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"మీరేం దిగులు పెట్టుకోకండి మాస్టారూ. మా నాన్న సున్నతో సహా వచ్చేసింది."