బాటరీకి వాస్తుదోషము

అమెరికా దేశమునకు నైరుతి దిక్కున, కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా, యూటా సీమల యెడారులలో, బాట లేని చోట బండి నడుపుట యొక వేడుకగ మొదలై, వేడుక వ్యసనమై, వ్యసనము శాస్త్రమై, ఆ శాస్త్రమున కిప్పుడు ఉపాంగములు కూడ వెలసినవి. చక్రములు పెంచుట, బండిని ఎత్తుట, ముందర ఉక్కు బంపరు తగిలించుట మున్నగు ప్రాథమిక సంస్కారములన్నియు ముగిసిన పిమ్మట, చేతిలో పానా ఖాళీగ నున్న సాధకుడు చేయు తంతు ఒకటి కలదు: బానెట్టు క్రింద ఏ బాధయు లేక పడియున్న బాటరీని పెకలించి, బండి వెనుకకు కొనిపోయి, అచ్చట పునఃప్రతిష్ఠ చేయుట. దీనికి కావలసిన పెట్టె, పట్టీలు, కేబుళ్ళు ఒక్కచోట కూర్చి కిట్టు పేర అమ్ముచున్నారు. తంతు ఉన్నచోట పూజాద్రవ్యముల దుకాణ ముండుట లోకసహజమే గదా.

ఈ విద్య మన తెలుగువారికి ఇంత త్వరగ పట్టుబడుటలో ఆశ్చర్యము లేదు. టెక్సాసునందును అరిజోనాయందును కొలువులు చేయు మనవారిలో, తూర్పుముఖపు ఇల్లు దొరకువరకు డల్లాసు చుట్టుపట్టుల ఊళ్ళన్నియు గాలించి, తీరా కొన్న పిమ్మట ఆగ్నేయమున పొయ్యి లేదని చింతించి, గోడ కదలించుటకు కాలనీ సంఘమువారి అనుమతి దొరకక మనసులోనే కుమిలిపోవువారు కొందఱు కలరు. అట్టివారికి ట్రక్కు ఒక వరమైనది. ఇల్లు కదలదు గాని బాటరీ కదలును; దానికి ఎవరి అనుమతియు అక్కరలేదు. అగ్ని ఆగ్నేయమునను బరువు నైరుతియందును ఉండవలెనని పెద్దలు చెప్పిరి. బాటరీయో, అగ్నియు బరువును ఒక్క పెట్టెలో ఇమిడిన పదార్థము. కనుక దానిని ఎచ్చట నుంచినను ఏదో యొక దోషము తగులుకొనక మానదు.

ఏ ఆచారమునకైనను మూలమున ఒక అర్థముండును, దీనికిని ఉన్నది. 1967లో మొదలైన బాహా 1000 పందెమునందును, 2007 నుండి జాన్సన్ వ్యాలీలో జరుగుచున్న కింగ్ ఆఫ్ ది హామర్స్ పందెమునందును పరుగెత్తు మేటి బండ్లు అంగడిలో కొన్న బండ్లు కావు. ఉక్కు గొట్టములతో అల్లిన పంజరములకు ఇంజను, చక్రములు, ఆసనములు అమర్చి, పైన పలుచని తొడుగు వేసిన ప్రత్యేకసృష్టి అది. దానిని నిర్మించువాడు ప్రతి వస్తువునకును శూన్యమునుండి చోటు కల్పించుకొనవలెను గనుక, బాటరీని ఆసనముల వెనుక, వీలైనంత క్రిందుగ బిగించుకొనును. పందెము ముగిసినంతనే మెకానిక్కుల బృందము బండిని మఱల ఊడదీసి ప్రతి తీగను తడిమి చూచును. ఈ మర్యాదలేవియు ఎరుగని మన సాధకుడు, సోమవారమునుండి శుక్రవారమువరకు ఆఫీసునకును, శనివారము కిరాణా కొట్టునకును మాత్రమే నడుపు బండికి ఆ యొక్క అలంకారమును మాత్రము దిగుమతి చేసికొనును.

స్థానభ్రంశవాదులు మొట్టమొదట వినిపించునది సమతుల్యవాదము. ముందర ఇంజను, వెనుక ఖాళీ తొట్టి. కావున బాటరీ వెనుకకు పోయినచో బండి సరితూగునట. నాకు తెలిసిన యువకుడొకడు ఈ తంతు ముగించిన మఱునాడే వచ్చి, "స్టీరింగ్ ఎంత తేలికైపోయిందో అన్నా, నువ్వే నడిపి చూడు, నీకే తెలుస్తుంది" అని తాళపుచెవి చేతిలో పెట్టినాడు. నడిపితిని. తేలికైన మాట నిజమే. పనిలో పనిగ టైర్లకు గాలి కూడ పట్టించినాడట.

లెక్క వేసి చూతము. బాటరీ ఇంచుమించు 20 కిలోలు. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ 3 మీటర్లున్న బండిలో దానిని రెండున్నర మీటర్లు వెనుకకు జరిపినచో, ముందు ఇరుసుమీద తగ్గు భారము 17 కిలోలకు లోపు. బండి బరువు 2000 కిలోలు. ఈ 17 కిలోలను ఇంత శ్రమకోర్చి తగ్గించిన మహానుభావుడే, ఆ ఇరుసునకు ఇంకను ముందుకు పొడుచుకొని వచ్చునట్లుగ ఇంచుమించు 50 కిలోల ఉక్కు బంపరును, దానిమీద 40 కిలోలకు దగ్గఱగ తూగు విన్చిని తానే స్వయముగ బిగించియున్నాడు. దానిని గూర్చి సమతుల్యశాస్త్రము నోరెత్తదు. 80 లీటర్ల టాంకి నిండియున్నప్పటికిని అడుగంటినప్పటికిని నడుమ 60 కిలోల భేదమున్నది. దానినిబట్టి ఏ పెట్రోలు బంకు దగ్గఱను ఎవడును స్టీరింగు తేలికైనదని గంతులు వేయగా చూడలేదు. పైగా బాటరీ వెనుకకు పోవుటతో, మునుపు మూరెడు పొడవున నున్న కేబులు ఇప్పుడు అయిదు మీటర్లు కావలసివచ్చును. పోవుట కొకటి, వచ్చుట కొకటి, రెండు లావుపాటి రాగి కేబుళ్ళు కలిసి నాలుగైదు కిలోలు. బాటరీని మోయు పెట్టె బరువు వేఱు. సమతుల్యము కొఱకు చేసిన పనివలన బండి బరువెక్కినది.

ఆ విన్చి సంగతి ఇంకను రసవత్తరము. ఇసుకలో కూరుకొనిపోయిన బండిని, ఎదుటనున్న చెట్టునకో బండకో తాడు కట్టి, తన్ను తానే బయటికి లాగుకొనునట్లు చేయు యంత్రమది. నిండు భారముమీద అది 400 ఆంపియర్ల విద్యుత్తును త్రాగును. విన్చి ఉన్నది బండి ముక్కుకొనయందు. బాటరీ ఉన్నది తోకయందు. 1827లో జర్మనీ దేశపు గియోర్గ్ ఓమ్ ప్రకటించిన నియమము ఎడారికిని ఆఫీసు పార్కింగుకును సమానముగ వర్తించును: 35 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోతగల రాగి కేబులు అయిదు మీటర్లు పఱచి 400 ఆంపియర్లు పంపినచో, ఆ దారిలోనే ఒక వోల్టు హరించుకొనిపోవును; తిరుగుదారిలో అంతే లావు కేబులైనచో ఇంకొక వోల్టు. పన్నెండింటిలో రెండు దారిఖర్చులకే సరి. 800 వాట్ల శక్తి ఎవరికిని పనికిరాని వేడిగ మారి, ఛాసీ పొడవునను ఎడారి గాలిని ఇంకొంచెము వేడి చేయును. చలికాలపు ఉదయమున సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను మూలుగుట కూడ ఇందువలననే. అప్పుడు సాధకుడు బాటరీ పాడైనదని తీర్మానించి ఇంకను పెద్ద బాటరీ కొనును. పెద్ద బాటరీ బరువు ఎక్కువ. సమతుల్యమునకు మఱల భంగము.

నీటివాదము గూర్చి ఎక్కువ చెప్ప బనిలేదు. వాగు దాటునప్పుడు బాటరీ తడియునని భయపడువారు, ఇంజను ఊపిరి పీల్చు గొట్టము కూడ ఆ బానెట్టు క్రిందనే యున్నదని మఱచుచున్నారు. బాటరీ కొంతసేపు మంచినీటిలో మునిగినను పెద్ద ప్రమాదము లేదు. సిలిండరులోనికి నీరు పోయినచో కనెక్టింగ్ రాడ్డులు వంగి ఇంజను అచ్చటనే ప్రాణము విడుచును. ఇక నీటికి వెఱచి పైనున్న బాటరీని తెచ్చి, తొట్టి క్రింద, వెనుక చక్రము బురదను రాళ్ళను చిమ్ము చోట ఛాసీకి వ్రేలాడదీయు వారి బుద్ధికుశలతను కొనియాడుటకు నాకు మాటలు చాలవు.

ఒక్క వాదమునకు మాత్రము నేను తల యొగ్గుదును. ఇంజను వేడి బాటరీకి శత్రువే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు హెచ్చినకొలది ఇటువంటి సీసపు బాటరీ ఆయువు ఇంచుమించు సగమగునని ఆ విద్య తెలిసినవారు చెప్పుదురు. వేసవిలో 45 డిగ్రీలు దాటు ఫీనిక్సు నగరమున ఇది తేలికగ తీసివేయదగిన మాట కాదు. ఇంజనే మార్చి పెద్దది దింపినవాడు, టర్బో బిగించి చోటు కఱవైనవాడు బాటరీని జరిపినను నాకు అభ్యంతరము లేదు. కాని వేడికి వెఱచి బాటరీని తరలించువాడు దానిని ఎచ్చటికి తరలించినాడో చూడవలెను గదా? పైకప్పు లేని తొట్టిలో, నల్లరంగు వేసిన రేకు పెట్టెలో, జూలై నెల మధ్యాహ్నపు టెండలో! బాటరీ చుట్టును చుట్టు వేడినిరోధక తొడుగులను కొన్ని కంపెనీలే అమర్చి పంపుచున్నవి. అది చవుక, అది తేలిక, అది ఎవరికిని కనబడదు. కనబడని దానిని ఎవడు కొనును?

"కంపెనీవాళ్ళే కొన్ని కార్లలో వెనకాల పెడుతున్నారు కదా" యన్నది వారి బ్రహ్మాస్త్రము. పెట్టుచున్నారు. 1927 చివర వెలువడిన ఫోర్డ్ మోడల్ ఏ కారునందు అది పాదముల క్రింది పలకల అడుగుననే యుండెను. నీరు పోయుటకు పలక ఎత్తవలసివచ్చెడిది. లాండ్ రోవర్ డిఫెండరునందు ముందు సీటు క్రిందనున్నది. ఫోక్స్‌వాగన్ బీటిలునందు వెనుక సీటు క్రింద నుండెను. పైమూత పోగొట్టుకొన్న పాత బీటిళ్ళలో, ఒకింత స్థూలకాయులు వెనుక కూర్చున్నంతనే సీటు స్ప్రింగులు టెర్మినళ్ళకు తగిలి, దిండులోని పీచు అంటుకొని, ఆ స్థూలకాయులు వయసుకు మించిన చురుకుతనమున బయటికి దుమికిన ఉదంతములు ఆ కారు ప్రేమికులందఱికిని తెలిసినవే. 1989లో వచ్చిన మాజ్దా మియాటాలో బాటరీ డిక్కీయందుండెను. కాని అది ద్రవము తొణకని తరగతికి చెందినది, దాని వాయువు బయటికి పోవుటకు ప్రత్యేకముగ గొట్టములుండెను. డిక్కీలో బాటరీ ఉంచు బీఎండబ్ల్యూ కార్లలో, బండి ఢీకొన్న క్షణముననే చిన్న మందుగుండు ప్రేలి స్టార్టరు కేబులును తెంచివేయు ఏర్పాటున్నది. కిట్టు పెట్టెలో అటువంటి దానిని నేను చూడలేదు. ఆఖరునకు, వేగమే పరమార్థమైన అమెరికా డ్రాగ్ రేసింగు సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కూడ, బాటరీని చోటు మార్చిన కారునకు వెనుకవైపున బయటినుండియే విద్యుత్తును కత్తిరించు స్విచ్చి యుండితీరవలెనని నియమము పెట్టినది.

పైని చెప్పిన యువకుని పికప్పు క్రిందికి వంగి చూచితిని. ఎఱ్ఱ కేబులు ఇంజను గోడకు తొలిచిన రంధ్రముగుండ వచ్చుచున్నది. రంధ్రపు అంచునకు రబ్బరు బుష్షు లేదు, రేకు అంచు కేబులు తొడుగును అప్పుడే తెల్లగ గీచియున్నది. అచ్చటినుండి అది ప్లాస్టిక్ పట్టీలతో బ్రేకు గొట్టమునకు కట్టబడి, సైలెన్సరునకు నాలుగు వ్రేళ్ళ దూరమున సాగి, వెనుక ఆసనము క్రింది పెట్టెలో ప్రవేశించినది. బాటరీ దగ్గఱ ఫ్యూజు లేదు. ఎర్తు కొఱకు రంగు గీకక ఒక బోల్టు బిగించినాడు. బాటరీయో, మూతలు తీసి డిస్టిల్డ్ వాటరు పోయు పాతరకమే. చార్జి హెచ్చినప్పుడు అది విడుచు హైడ్రోజను గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరిన చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకొనును. "ఫ్యూజు ఏదిరా తమ్ముడూ?" యనగా, "కిట్‌లో రాలేదన్నా" యన్నాడు. ఆ జవాబులో కపటమేమియు లేదు.

ఒకనాడు ఆ యువకుడు దీపము ఆర్పుట మఱచి బండి కదలకపోగా, జంపరు కేబుళ్ళు తెచ్చిన పొరుగింటి అమెరికా పెద్దాయన బానెట్టు ఎత్తి, అటు చూచి, ఇటు చూచి, ఎవరో బాటరీని దొంగిలించిరని పోలీసులకు చెప్పుదమనెను. దొంగతనము కాదు, అభివృద్ధియని నచ్చజెప్పి, వెనుక తలుపు తెఱచి, డేరాను, మడతకుర్చీలను, నీళ్ళ డబ్బాలను ఒక్కొక్కటే దింపి, పెట్టె మూతకున్న మఱలు విప్పి టెర్మినలు చేరునప్పటికి ఆ పెద్దాయన ఓపిక నశించి కాఫీ కొఱకు ఇంటికి వెళ్ళియుండెను.

ఇక బానెట్టు క్రింద ఖాళీయైన చోటు ఏమైనదని పాఠకులు అడుగుదురు. టైర్లకు గాలి కొట్టు కంప్రెసరు పెట్టుదమని మొదట సంకల్పము; అది కొలతకు సరిపోలేదు. కొన్నాళ్ళు ఆ చోట దుమ్ము, ఎండుటాకులు విశ్రమించినవి. పిమ్మట డేరాయాత్రలకు ఫ్రిజ్జు కొన్నాడు. రాత్రియంతయు ఫ్రిజ్జు నడచినచో ఉదయము సెల్ఫు ఎత్తుకొనదు గనుక, ఫ్రిజ్జునకు వేఱుగ రెండవ బాటరీ అవసరమైనది. వెనుక పెట్టెలో ఒక్కదానికే చోటు. బండి అంతయు వెదకి వెదకి తుదకు బానెట్టు ఎత్తి చూడగా, కంపెనీవారు బిగించిన పళ్ళెము, పట్టీ, బోల్టులతో సహా సిద్ధముగ, రెండవ బాటరీ కొలతకు వెండ్రుకవాసి తేడా లేకుండ కనబడినదట. "దీనికోసమే చేసినట్టుందన్నా ఈ ప్లేసు!" అని ఆనందముతో ఫోను చేసినాడు. 30 కిలోల బాటరీ అందు కూర్చున్నది. రెండు బాటరీలను కలుపుటకు మాత్రము మునుపటి ఎఱ్ఱ కేబులు చాలదని చెప్పిరట. ఇంకను లావైనదానికి ఆర్డరు పెట్టియున్నాడు.