నెలనెలా మాసికం

వాంకూవర్‌లో ఒకటో తారీఖంటే సంబరపడేది ఇంటి ఓనరొక్కడే. మనకి చాలా కంపెనీల్లో జీతం రెండు వారాలకోసారి పడుతుంది గనక ఏడాదికి జీతాలు 26, అద్దెలు 12. లెక్కప్రకారం ఏడాదిలో రెండు నెలలకి మూడేసి జీతాలొస్తాయి. ఆ మూడో జీతం పడ్డ సాయంత్రం బర్నబీ నుంచి సర్రే దాకా ప్రతి తెలుగువాడూ జమీందారే. తెల్లారేసరికి సబ్‌స్క్రిప్షన్లు కాళ్ళు కడిగించుకుని విస్తళ్ళ ముందు కూర్చుంటాయి.

అన్నీ ఒకేరోజు వస్తే ఒక్కసారే వడ్డించేసి ఊపిరి పీల్చుకోవచ్చు. అలా రావు. ఫోటోలు దాచేది మూడో తారీఖున, పాటలు పాడేది పదకొండున, మా అమ్మాయి బొమ్మలు గీసుకునేది పదిహేడున వస్తాయి. వైరస్‌కి కాపలా కాసేది ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి.

నెల బిల్లుకి రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి ఇక్కడి సిటీ రైలు స్కైట్రైన్‌ది. కంపాస్ కార్డులో నెల పాసు వేయించుకుంటే ఒకటో తారీఖు నుంచి నెలాఖరు దాకా, అంతే. ఫిబ్రవరికి రోజులు తక్కువ కదా, ధర తగ్గించండి అంటే వినేవాడు లేడు. మొరటు పద్ధతే గానీ గుర్తుపెట్టుకోవడం తేలిక. రెండోది సాఫ్ట్‌వేర్ వాళ్ళది. నువ్వు చేరిన రోజే నీకు నెల మొదలు. వినడానికి ఎంత మర్యాదగా ఉందో! జనవరి 31న చేరినవాడి సంగతి అడిగేదాకానే ఆ మర్యాద.

ఫిబ్రవరిలో 31 లేదు. స్ట్రైప్ లాంటి బిల్లింగ్ వ్యవస్థలు అసలు తేదీని మనసులో పెట్టుకుంటాయి. ఫిబ్రవరిలో 28న, మార్చిలో మళ్ళీ 31న, ఏప్రిల్లో 30న బిల్లు వేస్తాయి. అంత ఓపిక లేని ప్రోగ్రామరు రాసిందైతే పోయిన బిల్లు తేదీ ఒక్కటే చూసుకుంటుంది. అలాంటిచోట ఒక్క ఫిబ్రవరి దాటితే చాలు, ఆ ఖాతాదారు జన్మలో మళ్ళీ 31 మొహం చూడడు. మార్చిలోనూ 28, ఏప్రిల్లోనూ 28.

ఇండియాలో మొబైల్ కంపెనీలైతే తేదీల జోలికే పోకుండా నెలంటే 28 రోజులని తేల్చేశాయి. పదమూడు ఇరవయ్యెనిమిదులు 364. అంటే ఏడాదికి పదమూడు నెలలు. మన పంచాంగంలో రెండున్నర మూడేళ్ళకోసారి వచ్చే అధికమాసం వాళ్ళకి ఏటేటా వస్తుంది. ఈ గోల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఆర్డరు వేసింది. ప్రతి కంపెనీ దగ్గరా 30 రోజుల ప్లాను ఒకటైనా ఉండాలి, నెలనెలా అదే తేదీకి రెన్యువల్ అయ్యేది ఒకటైనా ఉండాలి. ఆ తేదీ ఏదైనా నెలలో లేకపోతే ఆ నెల ఆఖరి రోజునే చెయ్యాలి.

రాజమండ్రిలో ఉన్న మా నాన్నకి వీడియో కాల్‌లో ఇదంతా వివరించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టారు.

"2023లో అధిక శ్రావణం వచ్చిందా? అందులో పోయినవాడికి మరుసటేడు అధిక శ్రావణం ఉండదు. ఉండదని తద్దినం ఎగ్గొడతామా? మామూలు శ్రావణంలో పెడతాం. దీనికి ఆర్డరెందుకురా?"

"అదే నాన్నా, కంప్యూటరుకి..."

"అర్థమైంది. నెలనెలా పెట్టేది మాసికం."

"ఏడాదికోసారి కట్టే ప్లాను కూడా ఉంది. అలా కడితే చవక."

"అది ఆబ్దికం. మాసికాలన్నీ అయ్యాక పెట్టాలిగానీ ముందే పెట్టించుకుంటున్నారా? ఘటికులే!"

నెల మధ్యలో ప్లాను మారిస్తే మిగిలిన రోజులకి లెక్కకట్టి బిల్లు వేస్తారన్నాను. ఊనమాసికం అన్నారు తడుముకోకుండా. "శుభమా అని పిల్లాడు ఫోన్ చేస్తే ఆ మాటలేమిటండీ" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

నాన్న లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. మా వాంకూవర్‌లో పుట్టిన ఆఫీసు కబుర్ల యాప్ స్లాక్‌నే చూడండి. స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం గ్లిచ్ అని ఒక ఆట తయారుచేసింది. 2012లో అది మూతపడింది. తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న సరంజామా మిగిలితే దాన్ని స్లాక్ అని పేరుపెట్టి 2014 ఫిబ్రవరిలో అందరికీ తెరిచారు. మనుషుల లెక్కన బిల్లు వేస్తూనే, ఎవరైనా వాడటం మానేస్తే మిగిలిన రోజుల సొమ్ము మళ్ళీ ఖాతాలో జమచేసే నియమం పెట్టారు. రాని భోక్తకి దక్షిణ లేదన్నమాట. అందరూ అంత నిష్ఠగా ఉండరు. ఏడాది ఒప్పందాన్ని నెలవారీ ప్లానులా చూపించి, మధ్యలో మానేస్తే వేసే రుసుము దాచిపెట్టారని అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ మీద దావా వేసింది.

దక్షిణ సంగతికొస్తే, పది డాలర్లన్నది ఇక్కడ పది కాదు. ఫెడరల్ పన్ను 5 శాతం, బ్రిటిష్ కొలంబియా పన్ను 7 శాతం. బిల్లు అమెరికా డాలర్లలో ఉంటే కార్డువాడు సాధారణంగా మరో రెండున్నర శాతం చేతివాటం చూపిస్తాడు. ముందుగా కబురూ ఉండదు, ఎప్పుడో డబ్బు పోయాక రసీదొస్తుంది. ఇండియాలో నయం. కార్డు నుంచి దానంతటదే డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు చెప్పాలన్న రిజర్వు బ్యాంకు నియమం 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మా రాజమండ్రి శాస్త్రిగారు ముందురోజు ఫోన్ చేసి "రేపేనండోయ్" అని గుర్తుచేసేది ఈ నియమం కిందకే వస్తుంది.

ఇన్ని తిథులు గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదని మా ఆవిడ తీర్మానించింది. అన్నీ ఒకటో తారీఖుకి మార్పించమంది. ఓ కంపెనీ చాట్‌లో అడిగితే తేదీ మార్చడం కుదరదనీ, రద్దు చేసుకుని ఒకటో తారీఖున మళ్ళీ చేరమనీ సలహా వచ్చింది. సరేనని ఒకటో తారీఖు సాయంత్రం ఆరున్నరకి, కుక్కర్ కూతపెడుతుండగా, ఆవిడ చేత్తోనే బటన్ నొక్కించాను. రసీదులో రెండో తారీఖు పడింది. వాళ్ళ యంత్రాలు నడిచేది యూటీసీ గడియారం మీద. ఇక్కడ సాయంత్రం ఐదు గంటలు దాటితే దానికి మర్నాడే.

మళ్ళీ నాన్నకి ఫోన్ కలిపాను. శ్రాద్ధానికి సూర్యోదయం తిథి కాదు, అపరాహ్ణానికి ఉన్న తిథి చూడాలని మన శాస్త్రం స్పష్టంగా చెబుతుంది, ఏ ఊరి పంచాంగం ఆ ఊరికే ఉంటుంది, వీళ్ళకి ఆ పాటి తెలియదా అని మొత్తుకున్నాను. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, గోడ మీద కేలండరు వైపు ఓసారి చూసి, "రెండో తారీఖేరా. వాళ్ళు సరిగ్గానే రాశారు" అన్నారు.